చలి పంటకు నీళ్లే వేడి: ఆక్సిజన్ నాట్ ఇన్‌క్లూడెడ్‌లో ఇరుకు గది గోధుమ సాగు లెక్క

క్లుప్తంగా: ఈ కాలనీ ఆటలో స్లీట్ వీట్ అనే చలి గోధుమను పెంచే గది పాడవడానికి ఎక్కువగా గోడలు కారణం కాదు. లోపలికి వచ్చే సాగునీరే మొక్కలను వేడెక్కిస్తుంది. ఎనిమిది మందికి తిండి పెట్టే 20 మొక్కల గదికి సెకనుకు సుమారు 71 కిలో డీటీయూ (డీటీయూ అంటే ఈ ఆటలో వేడిని కొలిచే ప్రమాణం) వేడిని తీసేయాలి. అందులో 64 నీటితోనే వస్తుంది. రెండంతస్తుల గది, పైపుల్లో చల్లని కలుషిత నీరు తిరుగుతూ ఉండే చుట్టు, ఆ చుట్టులో ఒక రిజర్వాయర్ (ద్రవాన్ని నిల్వ చేసే తొట్టి) ఉంటే ఉష్ణోగ్రత కదలకుండా నిలబడుతుంది.

కుప్పం పాలీహౌస్ లెక్క ఇక్కడ చెల్లదు

కెనడాకు చెందిన క్లే ఎంటర్‌టైన్‌మెంట్ 2019 జూలైలో పూర్తిస్థాయిలో విడుదల చేసిన ఆక్సిజన్ నాట్ ఇన్‌క్లూడెడ్‌ను తిరుపతి ఇంజనీరింగ్ హాస్టళ్లలో ఆడేవాళ్లకు పంట గది దగ్గర ఒకే చిక్కు ఎదురవుతుంది. నాలుగు వైపులా ఇన్సులేటెడ్ టైళ్లు (వేడిని అడ్డుకునే గోడ దిమ్మలు) కట్టి, మంచు ప్రాంతం నుంచి చల్లని గాలి నింపి, మొక్కలు నాటుతారు. మొదటి కొన్ని సైకిళ్లు (ఆటలోని రోజులు) బాగానే గడుస్తాయి. ఆ తర్వాత ఒక్కో మొక్క మీదా ‘ఎదుగుదల ఆగింది’ గుర్తు పడుతుంది. గోడలో సందు ఉందేమోనని వెతుకుతారు, ఎక్కడా కనిపించదు.

ఈ పొరపాటుకు మన ప్రాంతపు అనుభవం కూడా కొంత కారణం. కుప్పం, పలమనేరు వైపు క్యాప్సికం, పూలు పెంచే పాలీహౌస్‌లను చూసినవారికి నీళ్లంటే చల్లదనమే. ఫ్యాన్-ప్యాడ్ అమర్చిన పాలీహౌస్‌లో ఒక చివర తడి ప్యాడ్, మరో చివర గాలిని బయటికి లాగే ఫ్యాన్లు ఉంటాయి. ఎండాకాలపు పొడి గాలి ప్యాడ్ గుండా వస్తూ నీటిని ఆవిరి చేస్తుంది. ఒక్క కిలో నీరు ఆవిరైతే సుమారు 2,400 కిలోజౌళ్ల వేడి గాలి నుంచి పోతుంది. చిత్తూరు ఎండల్లో ఆ పద్ధతి పనిచేయడానికి ఇదే మూలం.

ఆటలో ఈ ఆవిరి చల్లదనం లేదు. మరిగే ఉష్ణోగ్రతకు చేరితే తప్ప నీరు ఆవిరి కాదు. మొక్క తాగిన నీరు మాయమవుతుంది, కానీ మాయమయ్యేలోపు తన వేడిని టైల్‌కు, టైల్ నుంచి గాలికి ఇచ్చేస్తుంది. 25 డిగ్రీల దగ్గర వచ్చిన కిలో నీరు 2 డిగ్రీలకు దిగాలంటే 96 కిలో డీటీయూ వేడిని గదిలో వదలాలి. పాలీహౌస్‌లో వేడిని మోసుకుపోయే నీరే ఇక్కడ వేడిని మోసుకొస్తుంది. గది డిజైన్ మొత్తం ఈ ఒక్క తేడా మీద నడవాలి.

ఏ పంట, ఎన్ని మొక్కలు

ఒక్కో డూప్లికెంట్‌కు (కాలనీలోని మనిషి, పొట్టిగా డూప్) సైకిల్‌కు 1,000 కిలోకేలరీలు కావాలి. ఒక సైకిల్ అంటే 600 సెకన్లు. ఎనిమిది మంది కాలనీని కొలతగా తీసుకుంటే రోజుకు 8,000.

మీల్‌వుడ్ 3 సైకిళ్లకు ఒకసారి 600 కిలోకేలరీలు ఇస్తుంది. అంటే 40 మొక్కలు, సైకిల్‌కు 400 కిలోల మట్టి. నీరు అక్కర్లేదు, కానీ మట్టి ఎప్పుడో ఒకప్పుడు అయిపోతుంది. బ్రిసిల్ బ్లాసమ్‌కు వెలుతురు కావాలి. 6 సైకిళ్లకు 1,600 కిలోకేలరీల పండు వస్తుంది. పచ్చివే తింటే 30 మొక్కలు, కాల్చుకుంటే పండుకు 2,000 కాబట్టి 24 మొక్కలు సరిపోతాయి.

స్లీట్ వీట్ 18 సైకిళ్లకు 18 గింజలు ఇస్తుంది, అంటే మొక్కకు సైకిల్‌కు ఒక గింజ. మూడు గింజలతో చేసే ఫ్రాస్ట్ బన్ 1,200 కిలోకేలరీలు. కాబట్టి మొక్కకు 400, మనిషికి రెండున్నర మొక్కలు, ఎనిమిది మందికి 20. వెలుతురు పట్టదు, మొక్క ఒక్క గడి ఎత్తే ఉంటుంది. ఇరుకు గదికి ఇంతకన్నా అనువైన పంట దొరకదు. ఇబ్బందంతా ఉష్ణోగ్రతతోనే. మైనస్ 55 నుంచి 5 డిగ్రీల మధ్యే పెరుగుతుంది, 5 దాటితే ఎదుగుదల ఆగిపోతుంది. ఆగడమంటే చావు కాదు, చల్లబడగానే ఆగినచోటి నుంచి కొనసాగుతుంది. అయితే 18 సైకిళ్ల పంటలో ఒక్కో ఆటంకం వంటగదికి ఆలస్యంగా తెలుస్తుంది, అప్పటికి నిల్వలు కరిగిపోయి ఉంటాయి.

చూడ్డానికి కింది హద్దు చాలా దూరంగా కనిపించినా, వాడుకకు అంత వెడల్పు లేదు. మంచి నీరు మైనస్ 0.65 దగ్గర గడ్డకడుతుంది. సాగునీరు గడ్డకట్టకూడదు, గాలి 5 దాటకూడదు. అందుకే గదిని 1 నుంచి 3 డిగ్రీల మధ్య నిలపడమే క్షేమం. ఈ వ్యాసంలోని లెక్కలన్నీ 2 డిగ్రీలకు వేసినవే.

వేడి ఎక్కడి నుంచి వస్తుంది

ఒక్కో మొక్క సైకిల్‌కు 20 కిలోల నీరు, 5 కిలోల మట్టి తీసుకుంటుంది. ఇరవై మొక్కలకు 400 కిలోల నీరు, అంటే సెకనుకు 0.67 కిలో. నీటి విశిష్టోష్ణం 4.179. 25 డిగ్రీల నీరు 2 డిగ్రీలకు దిగితే సెకనుకు 64 కిలో డీటీయూ.

మట్టి విశిష్టోష్ణం 1.48. 30 డిగ్రీల మట్టి 100 కిలోలు వస్తే సెకనుకు 7 కిలో డీటీయూ కూడా కాదు. రెండూ కలిపి 71. ఇన్సులేటెడ్ టైల్ ఉష్ణవాహకత అదే రాయితో కట్టిన మామూలు టైల్‌లో నూరో వంతు కాబట్టి గోడల నుంచి వచ్చేది ఈ లెక్కలో చిన్న భాగమే. గోడను రెండు వరుసలు చేసినా, మూడు చేసినా పెద్దగా మారేది లేదు. అదే శ్రమ సాగునీటిని ముందే చల్లబరచడం మీద పెడితే సమస్య మూలంలోనే తగ్గుతుంది. గీజర్ (నేలలోంచి నీరు చిమ్మే ఊట) నుంచో ఆవిరి టర్బైన్ నుంచో వచ్చిన 95 డిగ్రీల నీటిని నేరుగా కలిపితే నీటి భారం ఒక్కటే సెకనుకు 259 కిలో డీటీయూకు ఎగబాకుతుంది. అంటే నాలుగు రెట్లు.

ఈ భారాన్ని సగం చేసే మార్గం వంటగదిలో ఉంది. బెర్రీ స్లడ్జ్‌కు 5 గింజలు, 1 బ్రిసిల్ బెర్రీ పడతాయి, వచ్చేది 4,000 కిలోకేలరీలు. ఎనిమిది మందికి రోజుకు 10 గింజలు, 2 బెర్రీలు చాలు. అంటే చలి గదిలో 10 గోధుమ మొక్కలు, మామూలు గదిలో 12 బ్రిసిల్ మొక్కలు. మొత్తం నీటి ఖర్చు 400 నుంచి 440 కిలోలకు పెరిగినా, చల్లబరచాల్సింది 200 కిలోలే. పైగా బెర్రీ స్లడ్జ్ పాడవదు. అక్వాట్యూనర్ (ద్రవాన్ని చల్లబరిచే యంత్రం) ఇంకా చేతికి రాని దశలో ఉన్నవారికి ఇదే మంచి దారి.

అడవి మొక్కలుగా పెంచితే నీరే అక్కర్లేదు, కాబట్టి నీటి వేడీ ఉండదు. కానీ ఎదుగుదల నాలుగో వంతు, 80 మొక్కలు కావాలి. ఇరుకు గదికి ఆ పద్ధతి పొసగదు.

చల్లబరిచే సాధనాలు

71 కిలో డీటీయూను నాలుగు రకాలుగా తీసేయవచ్చు.

వీజ్‌వర్ట్ మొక్క సెకనుకు కిలో వాయువును 5 డిగ్రీలు చల్లబరుస్తుంది. హైడ్రోజన్‌లో ఉంటే 12 కిలో డీటీయూ, ఆక్సిజన్‌లో అయితే 5 మాత్రమే. హైడ్రోజన్‌లో ఆరు మొక్కలు సరిపోతాయి, సైకిల్‌కు మొత్తం 24 కిలోల ఫాస్ఫొరైట్ తింటాయి. ఇక్కడే చాలామంది తడబడతారు. స్లీట్ వీట్ ఆక్సిజన్, కలుషిత ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్‌లలోనే పెరుగుతుంది, హైడ్రోజన్‌లో పెరగదు. కాబట్టి వీజ్‌వర్ట్‌లకు వేరే చిన్న గది కట్టి, రెండు గదుల మధ్య లోహపు టైళ్లు పెట్టాలి. గోధుమ గదిలోనే వీజ్‌వర్ట్‌లు నాటితే ఆరు కాదు, పదిహేను కావాలి.

మంచు ప్రాంతాల్లో దొరికే యాంటీ ఎంట్రోపీ థర్మో నల్లిఫయర్ సెకనుకు 80 కిలో డీటీయూను మాయం చేస్తుంది. కరెంటు అక్కర్లేదు, సెకనుకు 10 గ్రాముల హైడ్రోజన్ చాలు. మన లెక్కకు అచ్చంగా సరిపోతుంది. కానీ దాన్ని కట్టలేం, కదపలేం. అది ఉన్నచోటే గది కట్టాలి.

థర్మో రెగ్యులేటర్ 240 వాట్లతో కిలో వాయువును 14 డిగ్రీలు చల్లబరుస్తుంది. హైడ్రోజన్‌తో 33.6 కిలో డీటీయూ. మూడు పెట్టాలి, సగటున 500 వాట్లు పైనే ఖర్చు.

థర్మో అక్వాట్యూనర్ 1,200 వాట్లతో సెకనుకు 10 కిలోల ద్రవాన్ని 14 డిగ్రీలు చల్లబరుస్తుంది. కలుషిత నీటితో 585 కిలో డీటీయూ. వాట్‌కు వాట్ పోల్చితే రెగ్యులేటర్ కన్నా మూడున్నర రెట్లు మేలు. మన గదికి ఇది ఎంత పెద్దదంటే, ఎనిమిదో వంతు సమయం నడిస్తే చాలు. ఆ పెద్దతనమే దాని లాభం, అదే దాని ప్రమాదం కూడా.

గది ఆకారం

20 మొక్కలను ఒకే వరుసలో నాటితే లోపలి కొలత 20 గళ్ల వెడల్పు, 3 గళ్ల ఎత్తు అవుతుంది. ఒక గడి హైడ్రోపోనిక్ టైల్ (పైపు నీటితో మొక్కను పెంచే దిమ్మ), రెండు గళ్లు మనిషి నిలబడే చోటు. చుట్టూ మూలలతో కలిపి 50 ఇన్సులేటెడ్ టైళ్లు, ఒక్కోటి 400 కిలోల చొప్పున 20 టన్నుల రాయి.

రెండంతస్తులుగా కడితే ఒక్కో అంతస్తులో 10 మొక్కలు, పక్కన నిచ్చెనకు ఒక నిలువు వరుస. లోపలి కొలత 11 వెడల్పు, 6 ఎత్తు. గోడకు 38 టైళ్లు, 15.2 టన్నులు. మధ్యలోని హైడ్రోపోనిక్ వరుస కింది అంతస్తుకు కప్పు, పై అంతస్తుకు నేల, రెండు వైపులా చల్లని గాలే. ఇన్సులేషన్ కన్నా ఇంకో లాభం ముఖ్యం. డూప్‌లు మట్టి మోసుకొచ్చే దూరం, పైపుల పొడవు రెండూ సగానికి దగ్గరగా తగ్గుతాయి.

ఇన్సులేటెడ్ టైళ్లకు అగ్నిశిల చాలు. ప్రవేశ ద్వారం దగ్గర మామూలు తలుపు పెడితే తెరిచినప్పుడల్లా గాలి మారుతుంది. దానికి బదులు మెట్టులా మలిచిన చోట కొద్దిగా ద్రవం పోసి ద్రవపు అడ్డు కట్టాలి. అక్కడ మంచి నీరు వాడితే గడ్డకట్టే భయం ఉంటుంది. ముడి చమురు మైనస్ 40 వరకు ద్రవంగానే ఉంటుంది కాబట్టి అదే నమ్మకం.

గాలి పీడనం గడికి 150 గ్రాముల కన్నా తగ్గకూడదు. 2 కిలోల దాకా ఆక్సిజన్ నింపి మూసేస్తే పని చేసే డూప్‌లు పీల్చుకున్నా చాలాకాలం ఆగుతుంది. వాళ్లు వదిలే కార్బన్ డయాక్సైడ్ కింద పేరుకున్నా ఈ పంటకు అభ్యంతరం లేదు. కోసిన గింజలు అక్కడే పడి ఉన్నా 4 డిగ్రీల లోపు ఉన్నాయి కాబట్టి ఫ్రిజ్‌లో పెట్టినట్టే లెక్క.

చల్లదనాన్ని నిల్వ చేసే రిజర్వాయర్

రెండంతస్తుల గదిలో గాలి సుమారు 45 గళ్లు. గడికి 2 కిలోల ఆక్సిజన్ అనుకుంటే గాలి మొత్తం ఒక డిగ్రీ మారడానికి 90 కిలో డీటీయూ చాలు. 585 తీసే అక్వాట్యూనర్‌ను ఈ గాలికి నేరుగా తగిలిస్తే లెక్క ప్రకారం సెకనుకు ఆరున్నర డిగ్రీలు పడిపోవాలి. గాలిలో సెన్సర్ పెట్టి అక్వాట్యూనర్‌ను ఆన్, ఆఫ్ చేసే డిజైన్లు ఊగిసలాడేది ఇందుకే. సెన్సర్ ఆపమనేసరికి మైనస్ 14 డిగ్రీల ద్రవం పైపుల్లో నిండి ఉంటుంది. అది చుట్టూ తిరిగి సాగునీటి పైపును గడ్డకట్టించి పగలగొడుతుంది.

దీనికి మందు రిజర్వాయర్. లిక్విడ్ రిజర్వాయర్ 5 టన్నులు పడుతుంది. అందులో 4 టన్నుల కలుషిత నీరు ఉంచితే ఒక డిగ్రీ మారడానికి 16,700 కిలో డీటీయూ కావాలి. గదిలోని గాలికన్నా ఇది 185 రెట్లు బరువైన నిల్వ.

చుట్టు క్రమం ఇలా ఉండాలి: పంట గది, అక్వాట్యూనర్, రిజర్వాయర్, పైప్ థర్మో సెన్సర్, మళ్లీ పంట గది. అక్వాట్యూనర్ నుంచి రిజర్వాయర్ దాకా ఇన్సులేటెడ్ పైపు. గదిలో మాత్రం రేడియంట్ పైపు (చుట్టూ ఉన్నదానితో వేడిని త్వరగా మార్చుకునేది), అదీ గాలి గళ్లలో, హైడ్రోపోనిక్ టైళ్లకు తగలకుండా. రిజర్వాయర్‌ను ఇన్సులేటెడ్ గోడల లోపలే పెట్టాలి.

సెన్సర్‌ను 1 డిగ్రీకి పైన ఉంటే ఆన్ అయ్యేలా పెట్టాలి. అప్పుడు జరిగేది చూడండి. 1 డిగ్రీ ద్రవం అక్వాట్యూనర్‌లో మైనస్ 13కు దిగి రిజర్వాయర్‌లో కలుస్తుంది. కలుషిత నీరు మైనస్ 20.65 దాకా గడ్డకట్టదు కాబట్టి ఆ పైపు పగలదు. పది కిలోల ప్యాకెట్ (పైపులో ఒక్కసారిగా కదిలే ద్రవపు ముద్ద) ఒక్కటి 4 టన్నుల మీద తెచ్చే మార్పు 0.035 డిగ్రీ. సెన్సర్ ఆపమన్నాక దారిలో పది ప్యాకెట్లు మిగిలి ఉన్నా మొత్తం తగ్గేది 0.35 డిగ్రీ. కాబట్టి గదికి వెళ్లే ద్రవం మంచి నీటి గడ్డకట్టే హద్దును ఎప్పుడూ తాకదు. ఈ ఒక్క జాగ్రత్తతో పైపు పగిలే సమస్య మొత్తం పోతుంది.

ఇదే చుట్టులో సాగునీటిని కూడా ముందే చల్లబరచాలి. గదిలోకి వచ్చేముందు సాగు పైపును, చల్లని పైపును ఒకే లోహపు టైళ్ల గుండా కొన్ని గళ్లు పక్కపక్కనే రేడియంట్ పైపులతో నడిపితే చాలు. చల్లని పైపు సున్నాకు పైనే ఉంటుంది కాబట్టి ఎంతసేపు నిలిచినా సాగునీరు గడ్డకట్టదు. ఆ తర్వాత మొక్కల దాకా ఇన్సులేటెడ్ పైపు.

కరెంటు పోతే? మూసిన చుట్టులో ద్రవం పంపు లేకుండానే తిరుగుతుంది. 71 కిలో డీటీయూ భారం మీద 4 టన్నుల నిల్వ ఒక డిగ్రీ వేడెక్కడానికి 235 సెకన్లు. 1 డిగ్రీ నుంచి 5 దాకా సైకిల్‌న్నర గడువు దొరుకుతుంది. రిజర్వాయర్ లేని డిజైన్‌లో ఈ గడువు నిమిషాల్లో ముగిసిపోతుంది.

ఆవిరి గది, కరెంటు లెక్క

అక్వాట్యూనర్ వేడిని మాయం చేయదు. ఇంట్లో ఏసీ గదిలోని వేడిని డాబా మీది పెట్టెకు పంపినట్టే తన ఒంట్లోకి లాక్కుంటుంది. దాన్ని ఆవిరి గదిలో ఉంచి, పైన స్టీమ్ టర్బైన్ కట్టాలి. టర్బైన్ 125 డిగ్రీలు దాటిన ఆవిరిని తీసుకుని 95 డిగ్రీల నీటిని వదులుతుంది. 200 డిగ్రీల ఆవిరి నిండుగా ఉంటే 850 వాట్లు ఇస్తుంది. అక్వాట్యూనర్‌ను 1,200 కిలోల ఉక్కుతో కట్టడం మంచిది. ఉక్కుది 325 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది, గోల్డ్ అమాల్గమ్‌ది 175కే చెడిపోవడం మొదలవుతుంది. టర్బైన్‌కు 800 కిలోల శుద్ధి చేసిన లోహం, 200 కిలోల ప్లాస్టిక్.

టర్బైన్ తానే వేడెక్కుతుంది. లాగిన వేడిలో పదో వంతు, దానికి తోడు 4 కిలో డీటీయూ. 100 డిగ్రీలు దాటితే ఆగిపోతుంది. కాబట్టి చల్లని చుట్టును టర్బైన్ వెనక నుంచి ఒకసారి తిప్పాలి, పంట గది తర్వాత, అక్వాట్యూనర్‌కు ముందు. దాంతో మొత్తం భారం సుమారు 82కు చేరుతుంది. అక్వాట్యూనర్ 14 శాతం సమయం నడుస్తుంది, సగటు ఖర్చు 168 వాట్లు. టర్బైన్ తిరిగి ఇచ్చేది సుమారు 79. నికర ఖర్చు 90 వాట్ల లోపే.

సగటు తక్కువని మామూలు తీగ వాడకూడదు. అది 1,000 వాట్లకే, అక్వాట్యూనర్ నడిచిన ప్రతిసారీ 1,200 లాగుతుంది. తీగ కాలుతుంది. 2,000 వాట్ల కండక్టివ్ తీగ తప్పనిసరి.

ఎక్కడ తప్పుతుంది

అక్వాట్యూనర్‌ను ఆటోమేషన్ ఆపితే అది ద్రవాన్ని ముందుకు పోనివ్వదు. పక్కదారి లేకపోతే చుట్టు మొత్తం నిలిచిపోతుంది, గది వేడెక్కుతుంది, చూసేవారికి యంత్రం చెడిందనిపిస్తుంది. దాని నోటి దగ్గర పైపును ఇంకా ముందుకు సాగనిచ్చి, బ్రిడ్జ్ (పైపు వంతెన) ద్వారా అవతలి పైపులో కలపాలి.

పైపులో ప్యాకెట్లు 10 కిలోల కన్నా చిన్నవైనా అక్వాట్యూనర్ 1,200 వాట్లే తింటుంది. సగం ప్యాకెట్ అంటే సగం చలువ, పూర్తి కరెంటు. ద్రవం తగినంత పోయాకే నడపాలి. అలాగని రిజర్వాయర్‌ను అంచుదాకా నింపితే చుట్టు కదలక నిలిచిపోతుంది. 4 టన్నుల దగ్గర ఆపమనేది అందుకే.

కొత్తగా కట్టిన గదిలో టైళ్లు, గాలి అన్నీ 25 డిగ్రీల దగ్గరే ఉంటాయి. మొదట చల్లని చుట్టును నడిపి, గది 3 డిగ్రీలకు దిగాకే సాగునీరు వదలాలి. తొందరపడి విత్తనాలు నాటితే అవి కొన్ని సైకిళ్లు ఎదగకుండా కూర్చుంటాయి.

సాగునీటి మూలం

ముందు చూడాల్సింది మ్యాప్‌లో కూల్ స్లష్ గీజర్ ఉందా అని. అది మైనస్ 10 డిగ్రీల కలుషిత నీరు ఇస్తుంది. ఆ నీటిని నేరుగా వాటర్ సీవ్‌లోకి (నీటిని శుద్ధి చేసే యంత్రం) పంపితే శుద్ధి అయిన నీరు అక్కడే గడ్డకట్టి పైపును పగలగొడుతుంది. ముందు దాన్నే చల్లని ద్రవంగా పంట గదిలో తిప్పాలి. గదిలోని వేడిని తాగి 1, 2 డిగ్రీలకు వచ్చాక సీవ్‌లోకి పంపి, వచ్చిన మంచి నీటిని ఇన్సులేటెడ్ పైపులో మొక్కలకు ఇవ్వాలి. సెకనుకు 0.67 కిలో నీరు మైనస్ 10 నుంచి 2కు రావడంలో 33 కిలో డీటీయూను తీసుకుపోతుంది. సాగునీరు 25 డిగ్రీల నుంచి కాక 2 డిగ్రీల దగ్గరే మొదలవుతుంది కాబట్టి 64 కిలో డీటీయూ భారం లెక్కలోంచే పోతుంది. మిగిలేది మట్టి తెచ్చే 7, గోడల నుంచి వచ్చే కొద్దిపాటి వేడి. అలాంటి గీజర్ దగ్గర ఉన్న కాలనీకి అక్వాట్యూనర్, టర్బైన్, ఉక్కు ఏవీ అక్కర్లేదు. గీజర్ నిద్రపోయే కాలానికి సరిపడా నీటిని ఇన్సులేటెడ్ తొట్టిలో నిల్వ ఉంచితే చాలు.